మైసన్న తువ్వాల

మైసన్న మూడో ఐస్ ప్యాకును చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల ఏమీ కదల్లేదు. దాన్ని మళ్లీ తువ్వాల మీద పెట్టి, పైన పేరుకున్న మంచును బొటనవేలితో తుడిచాడు.

కామారెడ్డి టీకాల స్టోరులో ఆ ఎర్ర గళ్ల తువ్వాల పరిచి, నాలుగు ప్యాకులు వరసగా పెట్టి అప్పటికే గంటయింది. ఫ్రీజర్‌లోంచి తీసిన ప్యాకు రాయిలా ఉంటుంది. అలాగే మైసన్న ఊళ్లకు మోసుకెళ్లే టీకాల డబ్బాలో పెడితే పక్కనున్న మందు కూడా గడ్డకట్టి పాడవుతుంది. కాస్త కరిగి, ఊపితే నీళ్ల చప్పుడు వినిపించాలి. అప్పుడే డబ్బాలోకి. ఈ సంగతి బొమ్మలతో సహా గోడ మీద అతికించే ఉంది. చదువుకున్నవాళ్లు గోడలెక్కడ చూస్తారు? చదువు రాని మైసన్న ఒక్కడే బొమ్మలు చూసి నేర్చుకున్నాడు. పైగా ఇరవై ఏళ్లు తాడ్వాయి చుట్టుపక్కల సైకిల్ మీద పుల్ల ఐసు అమ్మినవాడు. మంచు సంగతి అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

బయట ముసురు. ఎండాకాలమైతే ఈపాటికి కరిగేవి.

"మైసన్నా, పదకొండింటికి ఎల్లారెడ్డిల పెద్ద సార్లు కూసుంటరు. ఫోటోలు గిట్ల దిగుతరట. ఇంకెంతసేపు?" అన్నాడు స్టోరు చూసే సునీల్‌కుమార్.

"చప్పుడు రాలే సార్."

"డబ్బల పెట్టరాదు, పోంగ పోంగ కరుగుతయి."

"పోంగ పోంగనే మందు గడ్డకడ్తది సార్."

సునీల్‌కుమార్ చెడ్డవాడు కాదు. నాలుగు ఫోన్లకు ఒక్కడే జవాబు చెప్పుకోవాలి, అంతే. మైసన్న రెండు మాస్కులు పెట్టుకుని, అతనికి దూరంగా కిటికీ పక్కకు జరిగాడు. నిన్న సాయంత్రం నుంచి ఒళ్లు కాలిపోతోంది. చెబితే ఇంటికి పంపి, ఇంకొకరిని పిలుస్తారు. ఆ ఇంకొకరు ప్యాకును చెవి దగ్గర పెట్టుకోరు. జ్వరం దాచడం తప్పే. తెలిసే దాచాడు, ఎందుకంటే ఆ మందు వేయించుకోవాల్సిన వాళ్లలో అతని కూతురు ఉంది.

అనిల ఎల్లారెడ్డి అవతల కోళ్లఫారంలో పనిచేస్తుంది. పోయిన చలికాలంలో ఈ కొత్త జ్వరం బయటపడింది అక్కడే. కోళ్లు పోయాయి, తర్వాత ఇద్దరు పనివాళ్లు పోయారు. వాళ్ల గొంతులోంచి తీసిన నమూనాలను ఇలాంటి డబ్బాలోనే మైసన్న కామారెడ్డి తెచ్చాడు. అవి హైదరాబాదు, పుణె దాటి సముద్రాల అవతలికి వెళ్లాయట. నాలుగైదు దేశాల వాళ్లు తమకు తెలిసింది దాచుకోకుండా ఒకరికొకరు చెప్పుకుని మందు తయారుచేశారట. నమూనాలు పంపిన చోటికీ వాటా అందాలని నెలల తరబడి మాట్లాడుకున్నారట.

"నువ్వు మోసుకొచ్చిన దగ్గే మైసన్నా, దునియా తిరిగి మందై వచ్చింది," అన్నాడు సునీల్‌కుమార్. "ఎల్లారెడ్డికి ఇరవై సీసాలు. మనిషికి రెండు సూదులు. రెండోసారి ఇంకో ఇరవై. అటెన్క మల్ల ఎప్పుడొస్తయో ఎవలకు తెల్వది."

మైసన్న నాలుగో ప్యాకు ఊపాడు. గళగళమంది. మిగతా మూడూ పలికాయి. ప్యాకులు తుడిచి, సీసాలు సర్ది, తడిసిన తువ్వాలను ఎప్పటిలాగే కిటికీ మేకుకు ఆరేసి, డబ్బాను మోపెడ్ మీద కాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

తాడ్వాయి దాటాక వాన పెరిగింది. దారి పక్క కోళ్ల షెడ్లు రెండు ఖాళీగా ఉన్నాయి. రోగం పాకకుండా గుమ్మాల ముందు చల్లిన సున్నం వానకు కొట్టుకుపోయి రోడ్డు మీద తెల్లగా పారుతోంది. దాని మీదుగా బండి పోనివ్వాలంటే అతనికి భయమేసింది. దగ్గు వచ్చినప్పుడల్లా బండి ఆపి, డబ్బాకు దూరంగా వెళ్లి దగ్గాడు. మూడోసారి తిరిగొచ్చి, డబ్బా మూత బిగుతుగా ఉందో లేదో చూసుకుని బండెక్కాడు.

ఎల్లారెడ్డి ఆస్పత్రికి చేరేసరికి గంట ఆలస్యం. పెద్ద సార్లు ఖాళీ డబ్బాతో ఫోటో దిగి వెళ్లిపోయారు. మైసన్న డబ్బాను మెట్టు మీద పెట్టి ప్రహరీ దాకా వెనక్కి జరిగాడు. నర్సు వినీత మూత తీసి, అతను నేర్పినట్టే ప్యాకు చెవి దగ్గర ఊపి నవ్వింది.

అనిల సూది వేయించుకుని, భుజం రుద్దుకుంటూ తండ్రివైపు వచ్చింది.

"ఆడనే ఉండు బిడ్డా."

"ఏంది బాపు, గంత దూరం?"

"తడిసిన. సలివెడ్తుంది. ఇంకో సూది ఎన్నడన్నరు?"

"ఇరవయ్యొక్క దినాలకట."

"మర్వకు. నేనే తెస్త."

ఆ మాట ఎంత ధీమాగా అన్నాడో, పాపం. ఆరో రోజు మధ్యాహ్నం కామారెడ్డి ఆస్పత్రిలో మైసన్న పోయాడు. భార్య సాలవ్వ గాజు తలుపు ఇవతలే నిలబడి ఉంది. నర్సు వచ్చి చెప్పేదాకా నిద్రపోతున్నాడనే అనుకుంది.

ఇరవయ్యొకటో రోజు టీకాలు జీపులో వచ్చాయి. అనుకున్న దానికంటే అరగంట ముందే. అందరూ డ్రైవర్‌ను మెచ్చుకున్నారు. వరసలో ముందు అనిల, చొక్కా చేయి పైకి మడిచి నిలబడింది.

వినీత మూత తీసి ఒక ప్యాకు చెవి దగ్గర పెట్టుకుంది. దాన్ని పక్కన పెట్టి రెండోది తీసింది. తర్వాత మూడోది.

"అక్కా, చప్పుడొస్తుందా?" అంది అనిల.

వినీత ఒక సీసా ఎత్తి వెలుతురుకు పట్టింది. తలకిందులు చేసినా మందు కదల్లేదు. అనిల మెల్లగా చొక్కా చేయి దింపుకుంది.

వినీత కామారెడ్డికి ఫోన్ చేసింది. "సార్, ప్యాకులు తీసి బయట పెట్టిన్రా?"

కామారెడ్డి స్టోరులో సునీల్‌కుమార్ కుర్చీలోంచి లేచాడు. ఫోన్ చెవికి పెట్టుకునే కిటికీ వైపు చూశాడు. మేకుకు ఎర్ర గళ్ల తువ్వాల వేలాడుతోంది, మూడు వారాలుగా చుక్క తడి తగలక బిర్రబిగిసి.