విక్ స్పైసర్ అని చెక్కిన రాయి

మా నాన్న ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో సమాధి రాళ్ళు చెక్కేవాడు. ఉలి పట్టుకోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇరవై ఆరేళ్ళ వయసులో మా ఆవిడ టాబితాను వెంటబెట్టుకుని ఓడెక్కి, అమెరికాలో మిషిగన్‌లోని ఈ రాగి గనుల ఊరికి వచ్చాను. కొన్నాళ్ళు గనివాళ్ళ కట్టడాలకు పునాదిరాళ్ళు కొట్టి, తర్వాత సమాధుల తోటకు ఎదురుగా సొంత కొట్టు పెట్టుకున్నాను. గనిలో చావులకు కొదవలేదు. నాకు పనికీ కొదవలేదు.

మా ఇంగ్లీషువాళ్ళలో ఎవరైనా పోతే ఇంటివాళ్ళు వచ్చి కూర్చునేవాళ్ళు. పేరు చెప్పి, బైబిలు వాక్యం ఎంచుకుని, చుట్టూ తీగ చెక్కమని అడిగేవాళ్ళు. క్రొయేషియా నుంచో, ఫిన్లాండ్ నుంచో ఒంటరిగా వచ్చిన కూలీ పోతే నా దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. గని ఆఫీసు గుమాస్తా మోకాలెత్తు రాయి ఒకటీ, పేరూ తేదీ రాసిన చీటీ ఒకటీ పంపేవాడు.

ఆ పేర్లు నాకు నోరు తిరిగేవి కావు. శనివారం సాయంత్రాలు సారాకొట్టులో ఆ చీటీలు తీసి పైకి చదివేవాణ్ణి. "ఇది పేరంటారా, తుమ్మంటారా?" అనేవాణ్ణి. అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. "ఏదీ, ఇంకోసారి తుమ్ము ఎఫ్రాయిం!" అని నాకు గ్లాసు నింపేవాళ్ళు. ఆ తర్వాత కొట్టుకొచ్చి, చెవికి దగ్గరగా ఉన్న మన పేరేదో చూసుకుని రాతిమీద చెక్కేసేవాణ్ణి. చీటీ పొయ్యిలో పడేసేవాణ్ణి. చచ్చినవాడికి మంచి ఇంగ్లీషు పేరు ఇచ్చాను, మేలే చేశాను అనుకునేవాణ్ణి కూడా.

పద్దెనిమిది వందల తొంభైమూడు అక్టోబరులో గని కప్పు కూలి నలుగురు పోయారు. వాళ్ళలో ఒకతని పేరు వ్యెకొస్లావ్ ష్పొల్యారిచ్. ఆ పేరుతో సారాకొట్టులో మూడు వారాలు నవ్వించాను. రాతిమీద మాత్రం విక్ స్పైసర్ అని చెక్కాను.

ఏడాదిన్నర గడిచింది. మే నెలలో మంచు కరుగుతున్న రోజుల్లో, సమాధుల తోటలో ఒక ఆడమనిషి కనిపించింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. తలకు నల్లగుడ్డ కట్టుకుంది. చేతిలో కాగితం. ఒక్కో రాయి ముందూ వంగి, కాగితం మీది అక్షరాలు చూసి, రాతిమీది అక్షరాల వెంట వేలు పోనిచ్చి, తల అడ్డంగా ఊపి పక్క రాయి దగ్గరికి పోతోంది. పొద్దుటి నుంచి పొద్దు వాలేదాకా అదే పని. మర్నాడూ వచ్చింది.

టాబితా కిటికీలోంచి చూసి, "పాపం, బురదలో పాదాలు నానిపోతున్నాయి. వెళ్ళి ఎవరికోసమో అడగరాదూ?" అంది.

"మనకెందుకు?" అన్నాను. ఆ మూల వరసలన్నీ నేను చెక్కినవే.

మూడోరోజు ఆమె నా కొట్టుకే వచ్చింది. పక్కన ఇలియా ఉన్నాడు. క్రొయేషియా కూలీలకు పూటకూళ్ళ ఇల్లు నడిపే మనిషి, మా భాష బాగా వచ్చు.

"మేస్త్రీ, ఈవిడ పేరు మాండా. మొగుడి సమాధి కోసం సముద్రం దాటి వచ్చింది. మూడు రోజుల్నుంచి వెతుకుతోంది, దొరకలేదు. నువ్వు చెక్కావేమో చూడు" అని కాగితం నా ముందు పెట్టాడు.

వాళ్ళ ఊరి పాదిరీ గుండ్రటి అక్షరాలతో రాసిచ్చిన పేరు అది. చదవగానే గుర్తుపట్టాను. మూడు వారాలు నోట్లో నానిన పేరు, ఎలా మరిచిపోతాను? అప్పుడు నిజం చెప్పేస్తే సరిపోయేది. కాగితాన్ని వెలుగుకు పెట్టి చూసినట్టు నటించి, "ఈ పేరు నేనెప్పుడూ చెక్కలేదు. ఆఫీసులో అడగండి" అన్నాను.

ఇలియా నావైపు ఒక్క క్షణం చూశాడు. తర్వాత ఆమెకు నా మాట చెప్పాడు.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఆమె ముఖం వెలిగింది. గబగబా ఏదో అంటూ, రాతి దుమ్ముతో నిండిన నా చేతిని రెండు చేతులా పట్టుకుని ముద్దుపెట్టుకుంది. పరుగులాంటి నడకతో బయటికి వెళ్ళిపోయింది.

"ఏమంటోంది?" అన్నాను.

"రాయి చెక్కేవాడే ఆ పేరు చెక్కలేదన్నాడంటే సమాధి లేనట్టే, సమాధి లేదంటే మనిషి బతికున్నట్టే, ఉత్తరం రాసినవాళ్ళు ఎవర్నో చూసి ఎవరో అనుకున్నారు అంటోంది. వేరే గనికి పోయుంటాడట. రేపు మధ్యాహ్నం రైలుకు మోంటానా గనులకు వెళ్ళి వెతుకుతుందట."

నేను ఉలి అందుకుని రాతివైపు తిరిగాను.

"మేస్త్రీ, ఆ శనివారం నేనూ సారాకొట్టులోనే ఉన్నాను. నువ్వు ఈ పేరు చదివావు. నేనూ నవ్వాను. మావాడి పేరే అది, అయినా నవ్వాను, మీరంతా నవ్వుతున్నారని" అన్నాడు ఇలియా నేలవైపు చూస్తూ. "నేను చెప్పలేను. నువ్వే చెప్పు."

అతను వెళ్ళాక వెనక్కి తిరిగితే గుమ్మంలో టాబితా నిలబడి ఉంది. మొత్తం వింది. తిట్టి ఉంటే బాగుండేది. "ఆ అమ్మాయి నీ చెయ్యి ముద్దుపెట్టుకుంది ఎఫ్రాయిం" అని మాత్రం అని లోపలికి పోయింది.

తెల్లవారాక, మాండా దిగిన ఇలియా పూటకూళ్ళ ఇంటికి వెళ్ళాను. మాండా వంటింట్లో పెద్ద బల్ల నిండా పిండిని పల్చగా సాగదీస్తోంది. కూనిరాగం తీస్తోంది. తలమీద నల్లగుడ్డ లేదు, పసుపుపచ్చది కట్టుకుంది. రైలు ప్రయాణానికి మూట గుమ్మం పక్కనే ఉంది. నన్ను చూసి నవ్వి, కుర్చీ లాగి కూర్చోమంది.

కూర్చోలేకపోయాను. టోపీ తీసి చేత్తో నలుపుతూ, "ఇలియా, నేను అబద్ధం చెప్పానని చెప్పు. ఆమె మొగుడికి రాయి చెక్కింది నేనే. వేరే పేరు చెక్కాను" అన్నాను.

ఇలియా మెల్లగా చెప్పాడు. ఆమె పిండి చేతులు గాల్లోనే ఆగిపోయాయి. తర్వాత తల గట్టిగా ఊపింది.

"నమ్మదు. చూపించమంటోంది."

ముగ్గురం సమాధుల తోటకు నడిచాం. విక్ స్పైసర్ రాయి చూపించాను. ఆమె దాని ముందు కూడా అంతకుముందే వంగి చూసి దాటిపోయింది, నా కళ్ళతో చూశాను. కాగితం పక్కన పెట్టి మళ్ళీ పోల్చింది. పేరులో మొదటి అక్షరం కలిసింది, ఇంటిపేరులో మొదటి అక్షరం కలిసినట్టే ఉంది. మిగతావేవీ కలవలేదు. "చూశారా!" అన్నట్టు మావైపు తిరిగింది. నేను పేరు కింద ఉన్న తేదీమీద వేలుపెట్టాను. ఇంతదాకా ఆమె పేర్లే పోల్చింది. అంకెలు ఆమెకు తెలుసు. అక్టోబరు తొమ్మిది. చావు కబురు తెచ్చిన ఉత్తరంలో ఉన్న తేదీ అదే.

ఆమె పసుపుపచ్చ గుడ్డ విప్పి, మడిచి జేబులో పెట్టుకుంది. ఏడవలేదు. నావైపు చూసి ఒకే ఒక్క మాట అంది.

"ఎందుకు అంటోంది" అన్నాడు ఇలియా.

"పేరు పొడుగ్గా ఉంది" అన్నాను. ఇంకేం చెప్పను? అది తప్ప నా దగ్గర కారణమే లేదు.

ఇలియా చెప్పగానే ఆమె ఏదో అంది. ఇలియా తటపటాయించాడు.

"చెప్పు" అన్నాను.

"మా ఊళ్ళో పిల్లలు కూడా పూర్తిగానే పిలిచేవాళ్ళు అంటోంది."

ఆ రోజే కొత్త రాయి తీశాను, నా దగ్గరున్న వాటిలో పెద్దది, ఎర్ర ఇసుకరాయి. ఆమె కొట్టులో నా పక్కనే ముక్కాలిపీట వేసుకుని ఐదు రోజులు కూర్చుంది. అక్షరం అక్షరం వేలితో చూపించింది. వాళ్ళ అక్షరాల మీద చిన్న చిన్న గుర్తులుంటాయి. ఒకటి వదిలేయబోతే నా మణికట్టు పట్టుకుని ఆపింది. ఆ ఐదు రోజుల్లో నా ముఖం చూడలేదు. టాబితా తెచ్చిన టీ తాగింది కానీ, నేనందిస్తే తీసుకోలేదు.

పాత రాయి తీసేసి కొత్తది నిలబెట్టాక నేను ఊళ్ళోని పూటకూళ్ళ ఇళ్ళన్నీ తిరిగాను. "ఫలానా ఏడు, ఫలానా నెల పోయినవాడి అసలు పేరేంటి?" అని అడిగాను. కొందరు తలుపు మొహాన వేశారు. ఒక ఫిన్లాండ్ ముసలాయన, "ఇప్పుడు గుర్తొచ్చామా?" అన్నాడు. అయినా పేరు చెప్పాడు, రెండుసార్లు, నేను సరిగ్గా పలికేదాకా. అలా పధ్నాలుగు రాళ్ళు మళ్ళీ చెక్కాను. ఇద్దరి పేర్లు మాత్రం ఎవరికీ తెలియలేదు. వాళ్ళతో పనిచేసినవాళ్ళు ఊరు వదిలిపోయారు. ఆఫీసు పుస్తకంలోనూ నేను చెక్కిన పేర్లే ఎక్కించుకున్నారట, రాతిమీద చూసి. ఆ రెండు రాళ్ళూ ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

మాండా మోంటానా వెళ్ళలేదు. ఇలియా దగ్గర వంటపనికి కుదిరింది. నాలుగేళ్ళ తర్వాత ఒక ఇటలీ వడ్రంగిని పెళ్ళాడింది. ఆదివారం చర్చికి పోతూ ఎదురైతే నేను టోపీ తీస్తాను. ఆమె కూతురి చెయ్యి పట్టుకుని వీధి అవతలి పక్కకి దాటుకుని వెళ్ళిపోతుంది.