తుక్కుకు పోయే బండికి పట్టీ

బెల్టు కీచుమనగానే సుందర్‌రాజు లారీ ఇంజను ఆపేశాడు. లుంగీ ఎగగట్టి, బానెట్ ఎత్తి, లోపలికి తల దూర్చి చూశాడు. ఆల్టర్నేటర్‌ను బయటికి లాగి పట్టుకునే ఇనుప పట్టీ గాడి దగ్గర విరిగింది. సగం ముక్క అక్కడే వేలాడుతోంది. మిగతా సగం పొడుగు బోల్టుతో సహా ఎక్కడో రాలిపోయింది. పొద్దున్నే బండిని కడిగి సందు చివరిదాకా ఒకసారి తిప్పి తేవడం అతని అలవాటు. ఆ దారంతా వంగి వెతుక్కుంటూ వెళ్ళాడు. దొరికింది ఒక గుర్రపునాడా మాత్రమే. బీరంగూడలో గుర్రం ఎక్కడిదా అని కాసేపు ఆశ్చర్యపోయి, దాన్ని గోడమీద పెట్టి వెనక్కి వచ్చాడు.

చూడటానికి జానెడు పట్టీ. కానీ ఆ బండిలో ఒకే బెల్టు ఫ్యానునూ, నీళ్ళ పంపునూ, ఆల్టర్నేటర్‌నూ తిప్పుతుంది. పట్టీ లేకపోతే బెల్టు వదులవుతుంది, రేడియేటర్‌లో నీళ్ళు తిరగవు, నాలుగు మైళ్ళు పోకముందే ఇంజను ఉడికిపోతుంది. కట్టుతీగతో బిగించి చూశాడు. ఇంటి ముందు మైదానం దాటకముందే తెగింది.

ఇంకో రోజయితే ఇది పెద్ద విషయమే కాదు. కానీ ఈ రోజు మహర్నవమి. బండి యజమాని, పటాన్‌చెరులో ధాన్యం వ్యాపారం చేసే కైలాసం సేటు కొత్త లారీ కొన్నాడు. సాయంత్రం దానికి పూజ. అమ్మేసిన పాత బండిని పక్కన పెట్టుకుని కొత్తదానికి కొబ్బరికాయ కొట్టడం ఆయనకు ఇష్టం లేదు. పొద్దుగూకేలోపు ఇది తుక్కు యార్డుకు చేరిపోవాలి. బండితోపాటే సుందర్‌రాజు ఉద్యోగమూ ఈ రోజుతో సరి. కొత్త లారీలో అన్నీ మీటలూ, బొమ్మలూ. తనకు అవి వద్దని అతనే చెప్పేశాడు.

ఫోన్‌లో సంగతి వినగానే సేటు తేలిగ్గా తీసుకున్నాడు.

"పరేషాన్ గాకు సుందరూ. కొన్నాయనకు చెప్త. క్రేన్ తోలి, తాడు కట్టి గుంజుకపోతడు."

"తాడు వద్దు సేట్. నేనే తోల్కపోత."

పట్టీ దొరక్కపోతే ఏం చేస్తావని సేటు అడిగాడు. దొరుకుతుందన్నాడు సుందర్‌రాజు. ఎక్కడో మాత్రం అతనికీ తెలియదు.

అతనికి తాడంటే పడదు. సేటు తండ్రి దగ్గర క్లీనర్‌గా చేరిన రోజుల్లో, చెడిపోయిన బండ్లను తాడుకట్టి లాక్కుపోతుంటే, వాటి ముందు చక్రాలు అటూ ఇటూ తూలడం చూడలేక ముఖం తిప్పుకునేవాడు. తన చేతికి ఈ లారీ వచ్చాక ఒక్కసారి కూడా తాడు కట్టనివ్వలేదు. గేర్‌బాక్సు పోయినప్పుడు జహీరాబాద్ అవతల రోడ్డు పక్కనే రెండు రాత్రులు పడుకుని బాగు చేయించుకున్నాడు గానీ, ఇంకో బండికి కట్టించుకోలేదు. అతని పెళ్ళివారు ఈ లారీలోనే వచ్చారు. కూతురు ఏంజెలిన్ పుట్టినప్పుడు తల్లీబిడ్డలు ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చింది ఈ క్యాబిన్‌లోనే. ఏటా దసరాకు సేటు దీనికి బొట్లు పెడితే, డిసెంబరులో సుందర్‌రాజు నక్షత్రం కట్టేవాడు. బండి రెండింటికీ మురిసిపోయేదని అతని నమ్మకం.

విరిగిన ముక్కనూ తన పానాలనూ సంచిలో వేసుకుని షేర్ ఆటో ఎక్కాడు. పటాన్‌చెరులో లేతు మిషన్ల వాళ్ళయితే ఇనుప పలక కోసి, బెజ్జాలు వేసి, టీ తాగేలోపు పట్టీ చేసిచ్చేవాళ్ళే. కానీ మిషన్లన్నీ స్నానాలు చేసి, కుంకుమ పెట్టుకుని, మెడలో బంతిపూలతో కూర్చున్నాయి. పూజలో ఉన్నదాన్ని ఎల్లుండిదాకా ముట్టరు. వెల్డింగ్ షాపుల్లోనూ అదే మాట. ఒకాయన పట్టీ చేయలేనందుకు నొచ్చుకుని, అరచేతి నిండా పులిహోర పెట్టి పంపించాడు.

స్పేర్ పార్టుల రాజారావు దుకాణం మాత్రం తెరిచే ఉంది. ఆయన అటకమీది నుంచి రకరకాల పట్టీలు దించి బల్లమీద పరిచాడు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఇంకోదాని వంపు తిరగబడి ఉంది. తప్పు పట్టీలది కాదు. ఆ లారీ ఇంజను ఒకసారి మారింది, ఆల్టర్నేటర్ ఏదో బస్సుది. అన్నీ సుందర్‌రాజే కుదిర్చి కూర్చోబెట్టాడు. తను కుదిర్చిన సంసారానికి ఏ కంపెనీ సామానూ సరిపోదని అతనికి ఇప్పుడు తెలిసొచ్చింది.

ఇంత అవసరంగా బండి ఎక్కడికి పోవాలని రాజారావు అడిగాడు. తుక్కుకని చెప్పగానే ఆయన చేతిలోని పట్టీ బల్లమీద పడింది. తర్వాత ఎంతగా నవ్వాడంటే పక్క దుకాణాల వాళ్ళు కూడా వచ్చి, విషయం తెలుసుకుని, మళ్ళీ మొదటినుంచి నవ్వారు. సుందర్‌రాజు కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు. నవ్వు తెరిపి ఇచ్చాక రాజారావు అసలు మాట చెప్పాడు. ఆ వయసు బండ్లు ఇప్పుడు రోడ్లమీద లేవు, జిన్నారం దారిలోని తుక్కు యార్డులో ఉన్నాయి, అక్కడైతే దొరకవచ్చు.

యార్డు చేరేసరికి ఎండ నడినెత్తికి ఎక్కింది. మందుల ఫ్యాక్టరీల వాసన గాలిలో ముక్కుకు తగులుతోంది. యజమాని మల్లేష్, ముప్ఫై దాటని మనిషి, కాంటాకు మామిడాకులు కడుతున్నాడు. ఏ బండికి పట్టీ కావాలని అడిగాడు. సుందర్‌రాజు నంబరు చెప్పాడు. మల్లేష్ మామిడాకులు వదిలేసి అతన్ని ఎగాదిగా చూశాడు. ఆ బండిని కొన్నది అతనే.

క్రేన్‌కు ఫోన్ కూడా చేశానని, ఇంత ఎండలో ఈ తిప్పలెందుకని మల్లేష్ మందలించాడు. బండి నడిచి వచ్చినా, లాగితే వచ్చినా తనకు ఇనుము ఇనుమేనన్నాడు.

సుందర్‌రాజు సంచి కింద పెట్టి చెమట తుడుచుకున్నాడు.

"ఇన్నేండ్లు అది నన్ను ఇంటికాడ దిగబెట్టింది బిడ్డా. ఒక్కపాలి నేను దాన్ని దిగబెడ్త. నీ పట్టీ యాడికి వోదు, పొద్దుగూకేవరకు బండితోనే నీకాడికొస్తది."

మల్లేష్ వేరేవైపు చూశాడు. తర్వాత ఫోన్ తీసి క్రేన్ వద్దని చెప్పాడు. యార్డు చివర వరసగా ఉన్న లారీల్లో అదే ఈడుది ఒకటుంది, దానికీ బస్సు ఆల్టర్నేటరే వేసి ఉండటం అదృష్టం. కానీ ఇంకో చిక్కు వచ్చిపడింది.

"మా పానాలు, కట్టరు అన్నీ అమ్మవారి ముందు పెట్టినం కాకా. నేను ముట్టరాదు. నీ పానాలకు పండుగ లేదు కదా, నువ్వే ఇప్పుకో."

దేవుడు తనను క్రైస్తవుడిగా పుట్టించింది ఇందుకేనేమో అనిపించింది సుందర్‌రాజుకు. ఆ మాట పైకి అంటే మల్లేష్ పడీపడీ నవ్వాడు. తుప్పు పట్టిన బోల్టు మొదట మొండికేసింది. దానిమీద డీజిల్ పోసి, చుట్టూ చిన్నగా తట్టి, బతిమాలాడు. సగం బతిమాలుడు పానాతో, సగం నోటితో. మల్లేష్ నీడ పట్టున నిలబడి, ముట్టకుండా సలహాలు ఇచ్చాడు. చివరికి పట్టీ, పొడుగు బోల్టు, వాషర్లతో సహా ఊడి వచ్చాయి. సుందర్‌రాజు వాటిని తువ్వాలలో చుట్టుకుని, బస్సులో ఒడిలో పెట్టుకుని బీరంగూడ వచ్చాడు.

బిగించి, బెల్టును బొటనవేలితో నొక్కి చూసి, ఇంజను స్టార్ట్ చేసేసరికి పొద్దు వాలుతోంది. బెల్టు కిక్కురుమనలేదు. పొద్దుట్నుంచి పులిహోర తప్ప ఏమీ తినలేదని తెలిసి భార్య హన్నా నాలుగు మాటలని, స్టీలు డబ్బా అందించింది. యార్డులో కూర్చుని మల్లేష్‌తో కలిసి తింటానని చెప్పి, దాన్ని క్యాబిన్‌లో సీటు పక్కనున్న ఇంజను మూతమీద పెట్టాడు. ఆ మూతమీద అన్నం చల్లారదు. హన్నా బండి ముందు బంపర్‌ను ఒకసారి కొంగుతో తుడిచి లోపలికి వెళ్ళిపోయింది. ఆమె కళ్ళలోకి చూడకుండా అతను గేరు వేశాడు.

పటాన్‌చెరులో సేటు గోదాము ముందు కొత్త లారీ పూలదండల్లో మునిగిపోయి ఉంది. పళ్ళెం పట్టుకుని నిలబడ్డ కైలాసం, ఎదురుగా సొంత కాళ్ళమీద వస్తున్న పాత బండిని చూసి రోడ్డుమీదికి నడిచాడు. చెయ్యి అడ్డంపెట్టి ఆపాడు. హమాలీల వైపు తిరిగాడు.

"దీనికి గూడ ఒకటి కొట్టుర్రి."

కొబ్బరికాయ ఒక్క దెబ్బకే పగిలింది. సేటు వేలితో బానెట్‌మీద కుంకుమ రాసి, అదే చేత్తో కళ్ళు నలుపుకొని, కుంకుమ పడి కాసేపు అవస్థ పడ్డాడు. హమాలీలు నవ్వారు. సుందర్‌రాజు హారన్ గట్టిగా ఒకసారి మోగించి కదిలాడు. జిన్నారం దారిలో బండి చాలా బాగా నడిచింది. ఇంత బాగా నడిచేదాన్ని ఎందుకమ్మారని ఎవరైనా అడిగితే బాగుండుననుకున్నాడు. ఎవరూ అడగలేదు.

యార్డు గేటు దగ్గర మల్లేష్ రెండు తలుపులూ బార్లా తీసి నిలబడ్డాడు. పెళ్ళివారి బండికి చూపినట్టు చేయి ఊపుతూ దారి చూపించాడు. కాంటా దాటి, వరసలో ఖాళీగా ఉన్న చోట సుందర్‌రాజు బండిని ఒద్దికగా ఆనించి, ఇంజను ఆపాడు. స్టీరింగ్‌మీద చేతులు అలాగే ఉంచాడు. ఏడుపొచ్చింది. ఏడ్చాడు. అయ్యాక తువ్వాలతో ముఖం తుడుచుకుని దిగి, పట్టీ చెప్పిన మాట ప్రకారం వచ్చిందని మల్లేష్‌కు చూపించాడు. పూజకు వేళవుతోందని మల్లేష్, చీకటి పడుతోందని ఇతనూ తొందరపడ్డారు. గేటు బయట ఆటో దొరికింది. దారంతా డ్రైవరుకు ఈ రోజు కథ చెప్పి నవ్వించాడు.

ఇంటికి రాగానే హన్నా ఎదురొచ్చి, తిన్నావా అని అడిగింది. తర్వాత చెయ్యి చాపి డబ్బా అడిగింది. సుందర్‌రాజు ఆమె చేతివైపు చూశాడు. ఇన్నేళ్ళలో అతను ఒక్క రోజూ డబ్బా ఇంట్లోకి తేలేదు. రోజూ బండి వచ్చి మైదానంలో ఆగితే, హన్నాయే వెళ్ళి, క్యాబిన్ ఎక్కి, దించుకునేది. ఇద్దరూ ఒకేసారి మైదానం వైపు తిరిగారు. అక్కడ బండి ఆగే చోట నేలమీద నూనె మరక ఒక్కటే ఉంది. హన్నా చాపిన చేత్తోనే అతని భుజం పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

యార్డులో మల్లేష్ కాంటాకు హారతి ఇస్తున్నప్పుడు, వరస చివరి లారీలో, ఇంజను మూతమీద, తోటకూర పప్పూ అన్నమూ ఉన్న ఆ డబ్బా ఇంకా వేడిగానే ఉంది.