గాజుల చప్పుడు మింగిన పెట్టె

నేను ఒక చిన్న నల్లపెట్టెను. టిఫిన్ డబ్బా మూతంత ఉంటాను. ముందొక నీలిదీపం, వెనక నాలుగు రంధ్రాలు. కంప్యూటరులో పాట అంకెలుగా పడి ఉంటుంది. ఆ అంకెలను మళ్లీ ధ్వనిగా మార్చి ఆంప్లిఫయరుకు అప్పగించడం నా ఉద్యోగం. డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్ అని నోరు తిరగని పేరు పెట్టారు గానీ, అందరూ డ్యాక్ అనే పిలుస్తారు. పొగడ్తలన్నీ స్పీకర్లకు, తిట్లన్నీ నాకు. అలవాటైపోయిందిలెండి.

ఏదో ఫ్యాక్టరీలో ఒక పిల్ల నా మూతకు మరలు బిగిస్తూ తన భాషలో కూనిరాగం తీసింది. నేను విన్న మొదటి పాట అదే. తర్వాత హైదరాబాదులో ఒక ఇంజనీరు బాబు నన్ను కొన్నాడు. పల్లవి అయ్యేలోపే ఆపి, వైరు మార్చి, మళ్లీ మొదటికి వచ్చేవాడు. ఒక్క పాటైనా చివరిదాకా విన్న పాపాన పోలేదు. చివరికి నాకంటే బరువైన పెట్టె దొరికిందని నన్ను గుంటూరులో పాత సామాన్లు కొని అమ్మే బాజీ కొట్టుకు సాగనంపాడు.

అక్కడినుంచి బ్రాడీపేటలో పానకాలుగారింటికి చేరాను. ఆయన రైల్వే సిగ్నళ్ల విభాగంలో రిటైరైన మనిషి. భార్య వకుళమ్మ ఒకప్పుడు కచేరీల్లో ఫిడేలు వాయించేవారు. కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకుపోయాక ఫిడేలు అటకెక్కింది. ఆవిడ వాయించినదాంట్లో మిగిలింది ఒకే ఒక్క క్యాసెట్టు. పెళ్లయిన కొత్తలో ఆయనే ఇంట్లో రికార్డు చేసుకున్నారు. దాన్ని బాజీ కంప్యూటరులోకి ఎక్కించి ఇచ్చాడు. రోజూ సాయంత్రం నేను పలకాలి, ఆయన వినాలి.

పాట అయిపోగానే ఆయన ముఖం ముడుచుకునేది. "ఈ పెట్టె మింగేస్తోంది" అనేవారు. ఏం మింగుతున్నానో చెప్పేవారు కాదు. నాకు ఒళ్లు మండేది. వచ్చింది వచ్చినట్టు అప్పజెబుతున్నాను మహాప్రభో, నేనెందుకు మింగుతాను?

నన్ను మార్చేద్దామని ఒక ఆదివారం బాజీ చేత ఇంకో రెండు పెట్టెలు తెప్పించారు. ఈ హై-ఫై పిచ్చివాళ్లకు ఒక ఆచారం ఉంది. కళ్లకు గంతలు కట్టుకుని వింటారు. పెట్టె కనపడితే, దాని ధర గుర్తొచ్చి చెవి అబద్ధమాడుతుందట.

"తువ్వాలు కట్టుకోండి బాబాయ్. పిన్ని వెనక కూర్చుని వైర్లు మారుస్తది, నేను పాట పెడతా" అన్నాడు బాజీ.

వకుళమ్మ నా వెనక చేరారు. ఆ బిగుసుకున్న వేళ్లతో వైరు ఊడదీయడం ఆవిడవల్ల కాలేదు. కాలేదని చెప్పడానికి మనసొప్పలేదు, పాపం. మార్చినట్టు కాస్త చప్పుడు చేసి ఊరుకున్నారు. అలా మూడుసార్లూ పలికింది నేనే.

మొదటిసారి విని, "ఇది మన డొక్కుపెట్టేగా" అన్నారు పానకాలుగారు. రెండోసారి, "ఇది ఫర్లేదు, ఫిడేలు నిండుగా ఉంది" అన్నారు. మూడోసారి తువ్వాలు కిందనుంచే నవ్వు ముఖం పెట్టి, "ఆహా, అన్నిట్లోకీ ఇదే మేలు" అన్నారు. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. అంతలోనే ఆయన నిట్టూర్చారు. "అయినా ఇందులోనూ రాలా."

"ఏం రాలా అండీ?"

"చివర్న నువ్వు ఫిడేలు మీంచి కమాను దించినప్పుడు నీ గాజులు గలగలమంటాయి వకుళా. అప్పట్లో ఎంత బాగా వినపడేయో! వాటికోసమే గదా నా తిప్పలన్నీ. నీ ఫిడేలు ఎటూ మూగపోయింది, ఆ గాజులు కూడా పోతే నాకింకేం మిగిలిద్ది?"

బాజీ, వకుళమ్మ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. గాజులు మూడుసార్లూ గది నిండా గలగలమన్నాయి.

వకుళమ్మ మెల్లగా లేచి, ఆయన చెవి పక్కన తన గాజుల చెయ్యి ఆడించారు. గంతలతో ఉన్న ఆయన తల తిప్పలేదు. "ఇంకోసారి పెట్టరా బాజీ, ఈసారి వస్తాయేమో" అన్నారు ఆశగా. ఆవిడ కళ్లు నిండిపోయాయి. నాకు ఆయన మీదున్న కోపమంతా ఆ మాటతో పోయింది.

"పెట్టెలు తీసుకెళ్లిపో నాయనా. ఈయన్ని చెవుల డాక్టరుకు చూపించాలి" అన్నారావిడ.

"నాకేం చెవుడా? రైలు కూత వినపడతానే ఉందిగా!" అని పానకాలుగారు ఇంతెత్తున లేచారు. రైలు కూత వినపడుతుంది మరి. ఆయన్ని వదిలి వెళ్లినవి సన్నటి చప్పుళ్లే. "గాజులు కావాలన్నది మీరేగా, పదండి" అని ఆవిడ చెయ్యి పట్టుకుని లేపారు.

కొన్నాళ్లకు ఆయన చెవి వెనక చిక్కుడుగింజంత యంత్రం ఒకటి వచ్చి కూర్చుంది. అదీ మా జాతిదే: ధ్వనిని అంకెలు చేసి, మళ్లీ ధ్వని చేసి చెవిలో పోస్తుంది. ఇంటికొచ్చి ఆయన నా ముందు కూర్చున్నారు. క్యాసెట్టు పాట వినాలని నా స్విచ్చి మీద వేలు పెట్టారు. నాకు గుండె ఉంటే ఆగిపోయేదే.

అప్పుడే వకుళమ్మ వచ్చి స్టూలు మీద కాఫీ గ్లాసు పెట్టి గాజుల చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆయన వేలు నా మీదే ఆగిపోయింది.

"వకుళా!"

"ఏంటండీ, కాఫీ వద్దా?"

"ఆ గ్లాసు తీసి మళ్లీ పెట్టు."

ఆవిడ తీసి పెట్టారు.

"ఇంకోసారి."

"చల్లారిపోద్దండీ."

"చల్లారనీ" అన్నారాయన.

ఆవిడ నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ, గ్లాసు తీస్తూ పెడుతూనే ఉన్నారు. నా స్విచ్చి ఆ సాయంత్రం ఎవరూ వెయ్యలేదు.