అన్నం డబ్బాలో పానా

ఏమే బుంగమూతీ, ఇలా రా. రేపు విమానం ఎక్కాలంటే గుండె దడగా ఉందా? నిన్ను చూసి విమానమే దడుచుకోవాలి. పొత్తిళ్ళలో ఉండగానే ఓ విమానాన్ని ఆపేసిన ఘనురాలివి నువ్వు! నవ్వకు, విను.

అప్పుడు నేనూ మీ నాన్నా ఒకే షెడ్డులో విమానాలు బాగుచేసేవాళ్ళం. నువ్వేమో తెల్లవార్లూ కచేరీ. మీ అమ్మకి జ్వరం. నిన్ను భుజాన వేసుకుని తిరిగి తిరిగి, మీ నాన్న చింతనిప్పుల్లాంటి ఎర్రటి కళ్ళతో పనిలోకి వచ్చేవాడు. ఆరోజు ఇంజను మూత తెరిచి, పానా చేత్తో పట్టుకుని, నిలబడే కునుకు తీశాడు.

"బావా, ఇంటికి పో."

"నోర్ముయ్యరా! పెద్దసారు వింటే ఉద్యోగం ఊడుతుంది," అని మంచినీళ్ళకి వెళ్ళాడు.

చెబితే బావ ఉద్యోగం, చెప్పకపోతే అందులో ఎగిరేవాళ్ళ ప్రాణం. ఇలాంటప్పుడు మామూలువాళ్ళు ఆలోచిస్తారు. నాకు తమాషా తడుతుంది.

మా గోడమీద ఓ బోర్డు ఉండేది. ఒక్కో పనిముట్టు ఆకారంలో నల్లరంగు బొమ్మ వేసి ఉండేది, పనయ్యాక దాని చోట దాన్నే తగిలించాలి. ఒక్క నల్లబొమ్మ ఖాళీగా ఉన్నా విమానం కదలదు. ఇంజన్లో ఉండిపోయిందేమోనని అందరూ వెతకాల్సిందే. బావ వదిలి వెళ్ళిన పానాని నేను తీసి నా అన్నం డబ్బాలో పెట్టి, కాసేపయ్యాక గావుకేక వేశాను: "పానా పోయిందోయ్!"

పని ఆగింది. అందరూ ఇంజను చుట్టూ మూగారు. బావ మూలన టైరుకి జారబడి గుర్రు పెట్టాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇక దొరికినట్టు నటిద్దామని డబ్బా తెరిచాను. అన్నం ఉంది, కూర ఉంది, పానా లేదు!

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఎవరైనా తీసి ఇంజన్లో మరిచిపోతే? చక్రాల సందులు, సీట్ల కింద, ఆఖరికి చెత్తబుట్ట కూడా బోర్లించాను. లేదు. ఏడుపు మొహంతో పెద్దసారు గదిలోకి వెళ్ళాను.

"సారూ, నేనే దాచాను. ఇప్పుడు నిజంగానే పోయింది. ఆ విమానాన్ని వదలకండి."

ఆయన సొరుగులోంచి పానా తీసి బల్లమీద పెట్టాడు.

"మీ బావ మంచినీళ్ళకి అని చెప్పి నా దగ్గరికే వచ్చాడయ్యా. 'నిద్ర లేదు సార్, ఏ బోల్టు బిగించానో గుర్తు రావట్లేదు, భయమేస్తోంది' అన్నాడు. వెళ్ళి పడుకోమన్నాను. మిగతావాళ్ళు చూస్తున్నది ఆ బోల్టులే."

"అంటే... పానా వెతుకుతోంది నేనొక్కణ్ణేనా? మరి ఇది మీ దగ్గరికెలా వచ్చింది?"

"నువ్వు డబ్బాలో పెడుతుంటే చూశాడట. తెచ్చి నా చేతిలో పెట్టి, 'మా బామ్మర్దిని కాసేపు వెతకనివ్వండి సార్. ఊరికే ఉంటే పక్కన చేరి వాగుతాడు, నన్ను పడుకోనివ్వడు' అన్నాడు."