మనిషున్న పడవ

జెట్టీ మీద కుళాయి దగ్గర బిందె నిండుతుండగా పడవల్ని లాగే టగ్గు కూత వినపడింది. దారాలక్క తలెత్తి చూసింది. మాస్టారి పడవని కట్టి ఈడ్చుకుపోతున్నారు.

“నా పడవరా! ఓరి నాయనో, నా పుస్తకాలు!” అంటూ మాస్టారు చేతిలో డబ్బా పారేసి జెట్టీ చివరిదాకా పరిగెత్తాడు. ఆపైన ఏం చేస్తాడు, నీళ్ళమీద నడుస్తాడా?

మిల్లులు మూశారు. బ్యాంకులు షట్టర్లు దించాయి. అద్దె ఇళ్ళలోంచి మెడపట్టి గెంటారు. అప్పుడు నలభై కుటుంబాలు వచ్చి, ఆ రేవులో పాడుబడ్డ పడవలకి చిల్లులు పూడ్చుకుని కాపురాలు పెట్టాయి. దానికీ ఒక కాంట్రాక్టరు పుట్టుకొచ్చాడు. మనిషి లేని పడవ వదిలేసిన పడవట, తుక్కు కింద అతనిదేనట, రేవు ఆఫీసు రూలు. తాగునీళ్ళు మాత్రం పొద్దున్న ఒక్క గంటే వదులుతారు. టగ్గు వచ్చేదీ ఆ గంటలోనే. కూడబలుక్కుని చేసిన పని కాదూ ఇది?

సాయంత్రం అందరూ దారాలక్క పడవ మీద చేరారు. ఆమె పదిహేనేళ్ళు నూలు మిల్లులో తెగిన దారాలు ముడేసిన మనిషి.

“పడవలన్నీ మా పడవకి కట్టేద్దాం. అన్నీ కలిపి ఒకే పడవ. అందులో మా అత్త ఎప్పుడూ ఉంటుంది,” అంది.

జాలరి పెద్దమ్మ ఒక్కతే అక్కడ సముద్రం ఎరిగిన మనిషి. “నీకేమన్నా మతిపోయిందా? గాలొస్తే ఒకదాన్నొకటి గుద్దుకుని చస్తాయి. ఇక్కడ ఎవరి లంగరు వాళ్ళదే.”

“నేలమీదా అలాగే అనుకున్నాం పెద్దమ్మా. పక్క మిల్లు మూసిన రోజున మేం టిఫిను డబ్బా పట్టుకుని పనికెళ్ళాం.”

లోపల మంచం మీంచి అత్త అరిచింది. కాళ్ళు పడిపోయి మూడేళ్ళయింది గానీ నోరు మాత్రం పడిపోలేదు.

“ఊరి గొడవంతా మనకెందుకే? నేనుండగా మన పడవ జోలికి ఎవడొస్తాడు? వాళ్ళ పడవలొచ్చి గుద్దితే ముందు మునిగేది నేను!”

అత్త అన్నదాంట్లో అబద్ధం లేదు. “నిజమే అత్తా,” అంది దారాలక్క, “కానీ మాస్టారు నీకు రోజూ పేపరు చదివి పెట్టేవాడు. ఆయన ఇవాళ ఎక్కడ పడుకుంటాడు?”

అత్త కాసేపు గొణిగింది. “తాళ్ళు బాగా వదులుగా కట్టమను,” అంది చివరికి.

పడవల మధ్య పాత టైర్లు వేలాడదీశారు. ఎంత వదులుండాలో పెద్దమ్మ చూపించింది. ముళ్ళు మాత్రం దారాలక్క వేసిన మిల్లు ముళ్ళే. “ఇదేం ముడే తల్లీ, బిగుసుకోడమే గానీ ఊడి రాదు! సముద్రంలో ఇలా ఎవరన్నా వేస్తారా?” అని పెద్దమ్మ తల కొట్టుకుంది.

మర్నాడు కుళాయి వేళకే టగ్గు వచ్చి చివరి పడవకి కొక్కెం తగిలించింది. లాగింది. ముప్ఫైతొమ్మిది పడవలూ, ముప్ఫైతొమ్మిది లంగర్లూ కదలనన్నాయి. కాంట్రాక్టరు మనుషులు ముళ్ళు విప్పబోయి గోళ్ళు విరగ్గొట్టుకున్నారు. ఒకడు కత్తి తీశాడు.

“కోసి చూడు! లోపల మనిషుంది!” అని జనం ఒక్క గొంతుతో కేక పెట్టారు.

అప్పుడు పోలీసు లాంచీ వచ్చింది. ఇన్‌స్పెక్టరు మంచం వైపు వేలు చూపించాడు. “ఆ ముసలమ్మని దించండి. పడవ ఖాళీ అవుతుంది.”

ఇద్దరు పోలీసులు అత్తని ఎత్తారు. దారాలక్క ఏడుస్తూ వెంటపడింది. “ఆవిణ్ణి నేనే చూసుకోవాలి బాబూ, నేనూ వస్తాను!”

“నోర్మూసుకుని అక్కడే ఉండవే!” అని అత్త పోలీసు భుజం మీంచే గద్దించింది. “నువ్వూ దిగితే వీడికి కావలసింది అదేగా! నన్ను వాళ్ళే మోస్తార్లే, జీతం తీసుకుంటున్నారు.”

దారాలక్క ఆగిపోయింది. లాంచీలో అత్త చీర కుచ్చిళ్ళు సర్దుకోవడం చూస్తూ, గుమ్మం పట్టుకుని నిలబడింది. ఇన్‌స్పెక్టరు ఆమెనీ లాగించాడు. ఆమె గుమ్మం దాటేలోపే మాస్టారు పక్క పడవ మీంచి దూకి మంచం మీద కూర్చున్నాడు. ఆయన్నీ ఎత్తుకెళ్ళారు. పెద్దమ్మ వచ్చి కూర్చుంది. ఆ తర్వాత వెల్డరు, అతని చెల్లెలు, బస్సు కండక్టరు.

పదకొండో మనిషి మంచం ఎక్కేసరికి పోలీసు లాంచీలో చోటు అయిపోయింది.