పాలపన్నులో సీసం

తూకం పెద్దమ్మ వస్తోందంటే ఆ వీధి పిల్లలు చెప్పులు విప్పి వరసలో నిలబడేవారు. ఆవిడ నర్సు. చుట్టూ ఉన్న గాలీ, నీళ్లూ, దుమ్మూ పిల్లల్ని ఏం చేస్తాయో కడుపులో ఉన్నప్పటి నుంచి పెద్దయ్యేదాకా గమనించే పరిశోధనలో పనిచేసేది.

మొదట్లో ఆవిడ సంచిలో త్రాసు, టేపు, నాలుగు ప్రశ్నలు తప్ప ఏమీ ఉండేవి కావు. తర్వాత గచ్చు మీది దుమ్ము తీసుకెళ్లింది. "మా ఇంటి దుమ్ముకీ గిరాకీ వచ్చిందా అక్కా?" అని ఆ వీధిలోని మేస్త్రీ భార్య నవ్వింది. ఆపైన, గాలిలో ఉన్నదాన్ని పట్టుకునే రబ్బరు పట్టీలు పిల్లల చేతులకు తొడిగింది. ఈసారి ఊడిన పాలపళ్లు అడిగింది. పన్ను పొరలు పొరలుగా పెరుగుతుందనీ, ఏ నెలలో ఒంట్లోకి ఏం చేరిందో పొరను చూసి చెప్పే యంత్రం వచ్చిందనీ చెప్పింది.

మేస్త్రీ పాత బ్యాటరీలు విప్పి సీసం కరిగించే షెడ్డులో పనిచేసేవాడు. వాళ్ల పాప పన్ను ఫలితం వచ్చాక నర్సు వాళ్లింటికి వెళ్లి, భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టింది.

"పాప కడుపులో ఉన్నప్పుడే సీసం చేరింది, బాబూ."

"నేనెప్పుడూ ఇంట్లో కరిగించలేదే."

"బట్టల మీద వచ్చుంటుంది."

"ఆ బట్టలు రోజూ దులిపి ఉతికింది నేనే," అంది భార్య, మెల్లగా.



"పాపకి చదివింది బుర్రలో నిలవనిది అందుకేనా?" అడిగాడు మేస్త్రీ.

"అందుకే అని చెప్పలేం. కాదనీ చెప్పలేం."

"మందేమైనా ఉందా?"

"అప్పుడు జరిగినదానికి లేదు. ఇకమీదట షెడ్డులోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని రా."

"ఈ మాట అప్పుడే చెప్పాల్సింది కదా నర్సమ్మా."

"మీరేం పని చేస్తారని అడిగాం. ఆ బట్టలు ఎక్కడ విప్పుతారని అడగాలని అప్పుడు ఎవరికీ తట్టలేదు."

మేస్త్రీ వేరే పని కోసం తిరిగాడు. చేతనైంది ఆ ఒక్క పనే కావడంతో ఎక్కడా కుదరలేదు. షెడ్డులో కుళాయి లేదు. బిందెతో నీళ్లు మోసుకెళ్లి అక్కడే స్నానం చేసి రావడం మొదలుపెట్టాడు.

ఒక సాయంత్రం అలాగే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపల కూతురు పాఠం చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయింది. తల్లి అందించింది. మళ్లీ అక్కడే ఆగింది. తల్లి మళ్లీ అందించింది.

మేస్త్రీ లోపలికి వెళ్లలేదు. పెరట్లోకి నడిచి, శుభ్రంగా ఉన్న చేతుల్నే సబ్బు పెట్టి రుద్దుకుంటూ కూర్చున్నాడు.