డెబ్బై ఒకటి

ఆర్మూర్ రోడ్లన్నీ పసుపు బండ్లతో కిక్కిరిసిన ఆ ఎండాకాలంలో నాకు ఒకటే బెంగ: డెబ్బై ఒకటి. పాలిటెక్నిక్ ఎంట్రెన్సు కోసం పెర్కిట్‌లో భూపతి సారు ప్రతి ఆదివారం నూట ఇరవై మార్కులకు పరీక్ష పెట్టేవాడు. మొదటిసారి డెబ్బై ఒకటి వస్తే సంబరపడ్డాను. తర్వాత వారం డెబ్బై. ఆ తర్వాత మళ్లీ డెబ్బై ఒకటి. త్రికోణమితి మొత్తం ముగించాను, రసాయనశాస్త్రం కంఠతా పట్టాను. ఆ దిక్కుమాలిన అంకె మాత్రం కదల్లేదు. సీటు రావాలంటే ఎనభై దాటాలని సారు లెక్క.

"జర ఇంకింత చదువు గంగామణీ," అనేవాడాయన, మార్కు వేసిన చోటు తప్ప కాగితంలో ఇంకేమీ చూడకుండా. ఆ ఇంకింత ఎక్కడ పెట్టుకోవాలో చెప్పండి సార్ అని నోటిదాకా వచ్చేది.

ఇంట్లో అమ్మ ముందే చెప్పేసింది. "సీటు రాకుంటె జూన్ల నీ పేరు మీద గూడ కార్ఖాన్ల ఆకు తెస్త. ఇద్దరం బీడీలు చేస్తే ఇల్లు ఎల్లుతది." కోపంతో అన్న మాట కాదు. అందుకే మరీ భయమేసింది.

పరీక్ష దగ్గరపడ్డాక ఒక సాయంత్రం అమ్మ పక్కన కూర్చుని బీడీలు చుడుతున్నాను. కార్ఖానాలో ఆకు తూచి ఇస్తారు, తక్కువ పడితే మనమే కొనుక్కోవాలి. అందుకని మా ఇంట్లో ఆకు పారేయడమంటే అన్నం పారేసినట్టే. నా చేతికొచ్చిన తునికాకు నిండా బొక్కలు. ఇటు తిప్పాను, అటు తిప్పాను, కత్తెర ఎక్కడ పెట్టినా బొక్కే తగులుతోంది. అమ్మ అప్పటికి ఐదారు బీడీలు చుట్టేసింది. నేనింకా అదే ఆకు పట్టుకుని ఉన్నాను.

ఆదివారం పరీక్షలోనూ ఇట్లాగే కూర్చుంటున్నానేమో అనిపించింది. ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టి పాత పరీక్ష కాగితాలు ముందేసుకున్నాను. రాసినవాటిలో తప్పులు కొన్నే. చివరి నలభై ప్రశ్నలైతే ఏ వారమూ ముట్టుకోనేలేదు. రాని లెక్కను వదలడానికి చేతులు రాక దానితోనే కుస్తీ పడుతూ కూర్చున్నాను. అక్కడిదాకా పోనప్పుడు ఎంత చదివి ఏం లాభం!

తర్వాతి ఆదివారం రాని లెక్కనల్లా దాటేశాను. దాటిన ప్రతిసారీ దొంగతనం చేసినట్టనిపించింది. ఎనభై ఆరు వచ్చింది. భూపతి సారు కళ్లద్దాలు సవరించుకుని, "ఎవలదాంట్ల సూసి రాసినవే?" అన్నాడు.

అసలు పరీక్ష నిజామాబాద్‌లో. మొదటి ప్రశ్నే రాలేదు. దాటాను. రెండోదీ రాలేదు. మూడోదీ అంతే. ఇట్లా దాటుకుంటూ పోతే చివరికి ఖాళీ కాగితమే మిగులుతుందేమో, ఒక్కటన్నా పట్టుకుని కూర్చుందామా అని ప్రాణం కొట్టుకుంది. అయినా నాలుగోది చూశాను. వచ్చు. ఐదోదీ వచ్చు. చివరి ప్రశ్నదాకా వెళ్లి వెనక్కి తిరిగేసరికి ఇంకా టైము మిగిలే ఉంది. దాటేసినవాటిలో చాలావరకు తేలాయి. తేలనివాటికి తోచిన జవాబు పెట్టి లేచాను.

గేటు దగ్గర అమ్మ ఎదురొచ్చింది. "అన్ని మంచిగ చేసినవా బిడ్డా?"

"ఆరు రాలేదవ్వా. గుడ్డిగ పెట్టిన."

"ఆరా!" అమ్మ మొహం వాడిపోయింది. "ఆరు ఆగం జేసినవా? ఇగ సీటేమస్తదే!" అని బస్టాండు దాకా గొణుగుతూనే నడిచింది.

నాకు నవ్వు ఆగలేదు. "జూన్ల నా పేరు మీద ఆకు తేకవ్వా," అన్నాను.

అమ్మ ఆగి, జ్వరమొచ్చిందేమోనని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.